పసుపు గుడ్డలో డెన్మార్క్ రాజు

అమెరికాలో పాత నాణేల సంతకి వెళ్ళదలచిన ఆడవాళ్ళకి ముందుగా ఒక మాట. దేవుడికి ముడుపు కడితే అందులో ఏ నాణెం పెట్టారో ఇంటాయనకి చెప్పి బయలుదేరండి. నేను చెప్పలేదు.

ఎనభైల్లో, మేము ఎడిసన్‌లో ఉన్నప్పటి సంగతి ఇది. మా ఆయనకి డెన్మార్క్ దేశపు పాత వెండి నాణేల పిచ్చి. ఆ దేశం నేను చూడలేదు, ఆయనా చూడలేదు. మూడు వందల ఏళ్ళ కిందటి రాజులు మాత్రం మా ఇంట్లో ఒక చెక్కపెట్టెలో, ఎవరి గుంటలో వాళ్ళు పడుకుని ఉండేవారు. ఒక్క గుంట ఖాళీ. దాన్ని చూసి ఆయన నిట్టూర్చని ఆదివారం లేదు. న్యూయార్కు సంతకి ఒక ముసలాయన ఆ నాణెం తెస్తున్నాడని తెలిసినప్పటి నుంచీ ఆయనకి అన్నం సయించలేదు. చూడలేక వెంకన్నకి మొక్కుకున్నాను. “స్వామీ, అది దొరికితే పిట్స్‌బర్గ్ గుడికొచ్చి నీ ముడుపు హుండీలో వేస్తాను.”

ముడుపుకి వెండి కావాలి. ఇక్కడి చిల్లరలో వెండి లేదని ఆయనే చెప్పారు. పెట్టె తెరిస్తే ఒకే రాజు రెండుసార్లున్నాడు. ఒకే మొహం రెండెందుకని ఒకటి తీసి, పసుపు గుడ్డలో కట్టి, హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను.

శనివారం ఉదయం ఎనిమిదింటి రైలెక్కాం. రానుపోను టికెట్లు ఒకేసారి కొనుక్కోండి, సుఖం. మా ఆయన పెట్టె ఒళ్ళో పెట్టుకుని, దొంగల భయంతో మూత తియ్యలేదు. నేను పులిహోర డబ్బా మూత తీశాను. ముందు సీటు దొరసాని వెనక్కి తిరిగి వాసన చూసింది. ప్లేటులో కాస్త పెట్టి ఇస్తే “హాట్! హాట్!” అంటూనే ప్లేటు ఖాళీ చేసింది.

తొమ్మిదిన్నరకల్లా సంతలో ఉన్నాం. సంత అన్నమాటేగానీ కేకల్లేవు, బేరాల్లేవు. ఒక హోటల్ హాల్లో బల్లలు, బల్లల మీద దీపాలు, దీపాల కింద భూతద్దాలతో వంగిన బట్టతలలు. ముసలాయన మాకు కావలసిన నాణెం తీసి చూపించాడు. దాని మీద ఒక చెయ్యి కిరీటం కోసం చాచి ఉంది. మబ్బులోంచి ఇంకో చెయ్యి కత్తితో ఆ చేతిని నరుకుతోంది! దొంగ వెధవకి బాగా అయిందనుకున్నాను.

ముసలాయన డబ్బు తీసుకోడట, నాణేనికి నాణెమే. మా ఆయన నవ్వుతూ పెట్టె తెరిచి, నవ్వు మానేశారు.

“ఏమే, ఇందులో రాజేడీ?”

“ఏ రాజండీ?”

“రెండున్నాయి కదే, ఒకటి ఎక్స్‌చేంజ్ చేద్దామని తెచ్చాను!”

“అది దేవుడిదండీ.”

“ఎప్పట్నుంచి?”

“మంగళవారం నుంచి. మీకా నాణెం దొరకాలని ముడుపు కట్టాను.”

ఆయన పెట్టె మూత టప్పున వేశారు. “ఓసి పిచ్చిదానా! అదిస్తేనే కదే ఇది దొరికేది? దొరక్కపోతే నీ మొక్కెలా తీరుతుంది?”

ఆలోచిస్తే న్యాయంగానే ఉంది. “సరే, విప్పుతాను. కానీ ముడుపు ఖాళీగా ఉండకూడదు. బదులు వచ్చినదాన్ని అందులో కట్టేస్తాను.”

“కట్టుకోవే తల్లీ, ముందు విప్పు!”

ముసలాయన మేమిచ్చిన నాణెం ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. “మస్టర్డా?” అన్నాడు. పసుపని చెప్పి నేను కొంగుతో తుడవబోతే ఇద్దరు మగాళ్ళూ ఒకేసారి అరిచారు. పాత నాణేన్ని తుడిస్తే పాపమట. ముసలాయన పసుపుతోనే పుచ్చుకుని, తన నాణెం నా చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నం పెరుగన్నం తిని మూడింటి రైలెక్కాం. మా ఆయన చెయ్యి చాచారు. “ఏదీ, ఇలా తే, చూసుకుంటాను.”

“ముడుపులో కట్టేశానండీ. మీరే కట్టుకోమన్నారు.”

“హుండీలో వేస్తావా? నా కొత్త రాజునా?”

మా తెలుగు విని పక్క సీటావిడ నవ్వింది. సువార్తమ్మ గారట. గుంటూరు మనిషి, ఆస్పత్రిలో నర్సు, డ్యూటీ దిగి వస్తోంది. “మీరే చెప్పండి సిస్టర్,” అని మా ఆయన కథంతా చెప్పారు. ఆవిడ చూస్తానంటే ముడి విప్పాను. కళ్ళజోడు పెట్టుకుని అక్షరాలు చదివింది.

“అయ్యో, ఎబెనెజరు! మా పెద్ద తమ్ముడి పేరండీ! బైబిల్లో దేవుడు సాయం చేశాడని నిలబెట్టిన రాయి అది. మరి ఈ రెండో వైపున రాసిందేంటి?”

“మహిమ దేవుడికి మాత్రమే అని. లాటిన్‌లో,” అన్నారు మా ఆయన, నోరు జారి.

“రాజే రాసిచ్చేశాక మీకెక్కడిది అన్నయ్యగారూ?” అని ఆవిడ నాణెం నా చేతిలో పెట్టేసింది. వెంకన్న తరఫున తీర్పు చెప్పి సువార్తమ్మ గారు నెవార్క్‌లో దిగిపోయింది.

నేను మళ్ళీ ముడి వేశాను. “పిట్స్‌బర్గ్ ఎప్పుడు వెళ్దామండీ?”

“తొందరేముందే? దారిలో మంచు పడుతుంది.”

అది మే నెల. కిటికీ బయట చెట్లన్నీ పచ్చగా ఉన్నాయి, ఆయన చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది.

“అవునండీ, పడుతుంది,” అన్నాను.

న్యూయార్కు సంత చూడదగ్గదే. మీరు వెళితే ఏ గవ్వతోనో ముడుపు కట్టుకోండి. మా ఆయన్ని చూస్తే జాలేసి, ఎడిసన్ వచ్చేదాకా పట్టుకోమని ముడుపు ఆయన చేతిలోనే పెట్టాను. కాసేపటికి ఆయన బొటనవేలు మెల్లిగా ముడి దగ్గరికి పాకింది.

“మబ్బులో చెయ్యి,” అన్నాను, కిటికీలోంచి చూస్తూనే.

వేలు వెనక్కి వెళ్ళిపోయింది.