మెసీలా తీరాన సూర్యుణ్ణి కొలిచిన రెండు మధ్యాహ్నాలు

ఈ ప్రయాణానికి కారణం జ్ఞానతృష్ణ అని రాసుకుంటే గౌరవంగానే ఉంటుంది. కానీ అసలు కారణం అసూయ. తిరుపతిలో నాతోపాటు ఎం.ఏ. చరిత్ర చదివిన వసుంధర ఈ వేసవిలో లిస్బన్ వెళ్లి, పాతకాలపు నావికుల ఆస్ట్రోలేబ్ పక్కన ఫోటో దిగి వచ్చింది. సూర్యుడి ఎత్తును కొలిచే ఆ ఇత్తడి వలయం గురించి ముప్పై ఏళ్లు పాఠం చెప్పింది నేను. చూసి వచ్చింది తను. జనవరిలో మా పాత విద్యార్థుల సమావేశంలో ‘ఐరోపా సముద్రయానాలు – యూదులు’ అన్న అంశం మీద ఒక్క ఉపన్యాసానికే చోటుంది. దానిని వసుంధరకు వదిలేయడం నావల్ల కాలేదు.

నవంబరు మొదటి వారంలో, కువైట్‌లోని మిర్కాబ్‌లో ఉంటున్న మా తమ్ముడి కూతురి ఇంటికి వచ్చాను. సెలవు పెట్టి తోడు వస్తానంది; వద్దన్నాను. ముందే గీసి పంపిన కొలతల ప్రకారం సబ్హాన్‌లోని ఒక వడ్రంగి చెక్కతో అలాంటిదే పెద్ద వలయం, దాని మీద తిరిగే రంధ్రాల ముల్లుతో సహా, చేసి ఉంచాడు. ఉదయం తొమ్మిదిన్నరకు టాక్సీ ఎక్కి, సబ్హాన్‌లో దానిని తీసుకుని, అక్కడి నుంచి పావుగంటలో సబా అల్ సలేం దాటి మెసీలా తీరం చేరాను. టాక్సీ నడిపిన మస్తాన్‌ది రాయచోటి. రోజంతటికీ పన్నెండు దినార్లకు ఒప్పుకున్నాడు.

దారిలో అతనికి సంగతి చెప్పాను. భూమధ్యరేఖ దాటితే ధ్రువనక్షత్రం కనిపించదు. ఇక దిక్కు సూర్యుడే. ఏ రోజు మధ్యాహ్నం సూర్యుడు ఆ రేఖకు ఎంత ఉత్తరాన, ఎంత దక్షిణాన ఉంటాడో లెక్కించడానికి స్పెయిన్‌కు చెందిన ఒక యూదు ఖగోళవేత్త హీబ్రూలో పట్టికలు రాశాడు. పోర్చుగీసు ఓడలు ఆ లెక్కల అండతోనే కాలికట్ దాకా వచ్చాయి.

“ఆయప్ప కూడా ఓడెక్కినాడామ్మా?”

“లేదు. స్పెయిన్ వెళ్లగొట్టింది. పోర్చుగల్ చేరదీసి, పని చేయించుకుని, అక్కడా ఉండనివ్వలేదు.”

“మాకు వీసా ఇచ్చే కఫీల్ మాదిరే. పనయినంక ఖలాస్!” అని నవ్వాడు మస్తాన్.

తీరంలో వలయాన్ని వేలాడదీసి, చేతిగడియారం చూస్తూ కూర్చున్నాను. మస్తాన్ నమాజుకు వెళ్లి వచ్చాడు. సరిగ్గా పన్నెండు గంటలకు కొలిచాను. లెక్క వేస్తే అక్షాంశం ముప్పై డిగ్రీలు వచ్చింది. ఫోన్‌లోని పటం ఇరవై తొమ్మిదింబావు అంటోంది. ముప్పావు డిగ్రీ అంటే సముద్రం మీద ఎనభై కిలోమీటర్ల తప్పు. “నా చేత్తో కొలిచి ఈ రోజే పంపుతాను” అని ఉదయమే వసుంధరకు గొప్పగా చెప్పి ఉన్నాను.

“ఫోన్లో ఉండేదే రాసి పంపించు. ఆయమ్మ ఈడికొచ్చి కొలుస్తాదా?” అన్నాడు మస్తాన్.

వేలు ఫోన్ మీదికి వెళ్లిన మాట నిజం. ఆ అంకె పంపితే నేను కూడా ఇంకొకరి కొలతకు ఫోటో తీసినట్టే. ఫోన్ సంచిలో పెట్టేశాను.

అప్పుడు అతను నెమ్మదిగా అడిగాడు. “అయినా అమ్మా, మజ్జాన్నం దాటిపోయినాక కొలిస్తే ఎట్ల?”

“ఇప్పుడేగా పన్నెండయింది!”

“పొద్దు నడినెత్తిన తిరిగినాకనే గదా మసీదులో బాంగు ఇచ్చేది. నేను నమాజు చదువుకోనొచ్చి చాయ్ గూడా తాగినా. నువ్వింకా గడియారం దిక్కే చూస్తాండావు.”

ఈ నెలలో ఇక్కడ సూర్యుడి మధ్యాహ్నం గడియారంలో పన్నెండుకు అరగంట ముందే అయిపోతుంది. పదకొండున్నర దాటగానే వినిపించిన ఆ పిలుపు నేనూ విన్నాను; విని, కొలత కోసం కూర్చునే ఉన్నాను.

మరునాడు పదకొండుకే వెళ్లాం. మస్తాన్ ఇసుకలో కర్ర నాటాడు. నీడ కురచవుతూ వచ్చి, ఆగినట్టయింది. “యల్లా, ఇప్పుడు!” అన్నాడు. రంధ్రం గుండా వెలుతురు చుక్క పడింది. ఇరవై తొమ్మిదిన్నర. ఆ తర్వాతే బాంగు వినిపించింది. రెండు రోజుల అంకెలూ, నా తప్పూ, మస్తాన్ కర్రా అన్నీ రాసి వసుంధరకు పంపాను.

జవాబు వెంటనే వచ్చింది. “నేను అద్దం వెనక చూశానే, నువ్వు చేత్తో పట్టుకున్నావు. కడుపు మండిపోతోంది. జనవరిలో నువ్వే మాట్లాడి చావు.” ఆ వాక్యాన్ని మూడుసార్లు చదువుకున్నాను.

ఇప్పుడు నా అసూయ ఆమె మీద లేదు. ఏ పట్టికా లేకుండా మధ్యాహ్నాన్ని గుర్తుపట్టే మస్తాన్ మీద ఉంది. పట్టిక రాసిన వాడికి ఆ రెండు దేశాల్లోనూ చోటు దొరకలేదు. ఆ పట్టిక చేతపట్టుకున్న వాళ్లకు దేశాలే దొరికాయి. ఈ మాట పాఠంగా ఎన్నోసార్లు చెప్పాను. ఎండలో నిలబడి, నా అంకె నాదేనని మొండికెత్తిన రోజున మాత్రం ఆ పట్టిక రాసినవాడి తరఫున కోపం వచ్చింది.

మీరు ప్రయత్నిస్తే ఒక జాగ్రత్త: సూర్యుడి వైపు కంటితో చూడకండి. వలయం ముల్లుకు రెండు చివరలా రంధ్రాలు పెట్టించి, పైరంధ్రం వెలుగు కిందిరంధ్రం మీద పడేదాకా తిప్పండి.