మెత్తగా మారిన గేరు

అల్లపల్లి ఇంకా చాలా దూరం ఉండగా, టేకు చెట్ల మధ్య చిన్న ఎత్తు ఎక్కుతున్నప్పుడు, ఇంజిన్ గట్టిగా అరిచింది. కారు మాత్రం వేగం అందుకోలేదు. ఏదో మాడిన వాసన. పక్క సీట్లో ఛాతీ పట్టుకుని కూర్చున్న మా నాన్న, బాపు, కళ్లు తెరిచాడు. ఆయన్ని వెంటనే గడ్చిరోలి తీసుకెళ్లమని పొద్దున సిరొంచ డాక్టరు చెప్పాడు. మా ఆయన డ్యూటీ మీద ఏటపల్లిలో ఉన్నారు. పిల్లల్ని అమ్మ దగ్గర వదిలి నేనే బయల్దేరాను.

ఆ పాత ఆటోమేటిక్ కారు బాపుదే. ఆయనకు చిన్నప్పుడే ఎడమ కాలు చచ్చుబడింది. క్లచ్ తొక్కలేడు కాబట్టి వెతికి వెతికి కొన్నాడు. నేను నడపడం నేర్చుకున్నదీ దాని మీదే. గేరు మారిన ప్రతిసారీ ఒక కుదుపు. వెనక సీట్లో నిద్రపోయే మా చంటిది ఉలిక్కిపడి లేచేది. అందుకే కిందటి వారం బాపుకు చెప్పకుండా ట్యూనింగుకు తీసుకెళ్లాను. మా ఊరి మెకానిక్కుకు తెలిసినవి జీపులు, ట్రాక్టర్లు. కార్బొరేటర్ సరిచేసి, దాని నుంచి గేర్‌బాక్సుకు పోయే తీగ చూపించాడు.

"అక్కా, గిది బిర్రుగున్నది, గందుకే కొడుతున్నది. జర లూజు చేస్త, వెన్న లెక్క పోతది."

నిజంగానే అలాగే పోయింది. చంటిది లేవలేదు. మురిసిపోయాను.

"గేర్‌బాక్సు తీగ ఎవలన్న ముట్టిండ్రా?" మాడిన వాసన పీల్చి, పక్క సీట్లోంచి బాపు అడిగాడు.

చెప్పాను.

"ఇంజిన్ ఎంత బలం పెడుతున్నదో గేర్‌బాక్సుకు చెప్పేది గదే బిడ్డా. అది వదులైతే లోపల పట్టు సాలదు. జారి జారి కాలుతది." నవ్వబోయాడు. "ఇగ దీనికి సుత నా కాలే వచ్చింది."

తర్వాతి మలుపులో కారు ఆగిపోయింది. ఫోనుకు సిగ్నలు లేదు. మధ్యాహ్నం దాటాక కర్రల లారీ ఒకటి వచ్చింది. డ్రైవరూ నేనూ కలిసి బాపును ఎక్కించాం. తల నా ఒళ్లో పెట్టుకున్నాను. అల్లపల్లి ఇళ్లు కనబడేసరికి నా చెయ్యి పట్టుకున్న బాపు వేళ్లు వదులయ్యాయి.

మర్నాడు పొద్దున పెద్దవాడు అడిగాడు: "అమ్మా, కారు ముసలిదైందని ఆగిందట గద? అమ్మమ్మ చెప్పింది."

ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను.

"తాత ఇగ రాడు బిడ్డా. కారు ముసలిదై ఆగలే. తాత దాన్ని మంచిగనే చూసుకున్నడు. తాతను అడగకుంట దాని గేరు నేనే మెత్తగ చేయించిన."