పది మీటర్ల అవతల రెండో బండి

ఊళ్ళో సగం మంది నవ్వు ఆవిడ చేతి చలవే. పళ్ళ డాక్టరు కొలత తీసి పంపిస్తే, వెనక గదిలో కూర్చుని మైనం కరిగించి, అచ్చు పోసి, కట్టుడు పళ్ళు తయారుచేసేది ఆవిడ. ఇరవై రెండేళ్ళుగా అదే పని. పేరు డాక్టరుది, నడుంనొప్పి ఈవిడది. అయినా ముందు పన్ను వెంట్రుకవాసి వంకరపోతే పారేసి మళ్ళీ మొదలుపెట్టే రకం. అందరూ పళ్ళక్కయ్య అంటారు.

ఇంటికొచ్చాక కూడా ఆ చేతులు ఊరుకునేవి కావు. అగ్గిపెట్టెంత ఇళ్ళు, వేలెడంత మనుషులు చేస్తూ కూర్చునేది. "పగలు పళ్ళు, సాయంత్రం బొమ్మలు. నీకు పూర్తి సైజు మనుషులు పనికిరారుటే?" అని వదిన దెప్పుతుండేది. అన్నయ్య, వదిన, ఆవిడ ఒకే ఇంట్లో ఉండేవారు.

ఆ ఏడు బొమ్మలు చేసేవాళ్ళ సంఘం ప్రదర్శనకు యుద్ధకాలం అనే విషయం ఇచ్చింది. తక్కినవాళ్ళంతా ట్యాంకుల మీదా విమానాల మీదా పడ్డారు. పళ్ళక్కయ్య మాత్రం రేడియో బండ్లు ఎంచుకుంది. లోపల వైర్‌లెస్ సామాను, పక్కన పొడుగాటి యాంటెన్నా ఉండే మిలిటరీ ట్రక్కులవి. వాటిని ఎంచుకోవడానికి కారణం అన్నయ్య.

వయసులో ఉండగా అన్నయ్య అలాంటి బండిలోనే యుద్ధం చేశాడు. అంతకుముందు చెల్లెలికి నిద్రపట్టేదాకా కథలు చెప్పిన మనిషి, తిరిగొచ్చి ముప్పై ఏళ్ళయినా ఆ రోజుల గురించి నోరు మెదపలేదు. ఇంట్లో రేడియో ఉండనివ్వలేదు. ఉద్యోగం కూడా 'నిశ్శబ్దం పాటించండి' అని బోర్డున్న లైబ్రరీలో వెతుక్కున్నాడు! అడిగితే లేచి వెళ్ళిపోతాడు. ఆ నోట ఆ మాట ఒక్కసారి వినాలని చెల్లెలికి ఎంత ఆశో చెప్పలేను. కథలు చెప్పే అన్నయ్య మళ్ళీ దొరుకుతాడని ఆవిడ నమ్మకం. అందుకే అడగడం మానేసి, ఆ బండ్లనే చేసి అతని కళ్ళ ముందు బల్ల మీద పెట్టాలనుకుంది.

ఏదైనా కట్టేముందు అట్టముక్కలతో నమూనా వేసుకోవడం ఆవిడ పద్ధతి. అసలు బండిలో ముప్పై అయిదో వంతు కొలతకు రెండు అట్ట ట్రక్కులు కత్తిరించింది. రెండున్నర అడుగుల చెక్క మీద వాటిని పక్కపక్కన నిలబెట్టింది. మధ్యలో జనరేటరు. చుట్టూ బురద, చక్రాల జాడలు ఎలా వెయ్యాలో పెన్సిలుతో గీసుకుంది. చూడముచ్చటగా ఉందని మురిసిపోయింది.

వారం రోజులు అన్నయ్య ఆ బల్ల పక్కనుంచి కళ్ళకు గంతలు కట్టినట్టు నడిచాడు. ఆదివారం పొద్దున కాఫీ గ్లాసుతో వెళుతూ ఆగిపోయాడు. తప్పును చూసి ఊరుకోలేకపోవడం ఆ ఇంటి రక్తంలోనే ఉంది మరి.

"జనరేటరు ఇక్కడ పెడితే ఆ హోరులో వినేవాడికి ఏం వినపడుతుంది?" అని దాన్ని చెక్క చివరికి నెట్టాడు.

పళ్ళక్కయ్య పెన్సిలు కింద పెట్టింది. "అయితే బండ్లు సరిగ్గానే ఉన్నాయా అన్నయ్యా?"

"ఎక్కడ సరి? ఒకటి వినే బండి, ఒకటి పంపే బండి. రెంటినీ ఎవడన్నా పక్కపక్కన పెడతాడా? మూడు వందల యాభై మీటర్ల దూరం ఉండాలి."

ఆవిడ లెక్క కట్టింది. ముప్పై అయిదో వంతంటే పది మీటర్లు. "మన చెక్క చాలదే!" అంది.

అన్నయ్య ఒక అట్ట ట్రక్కు తీసుకుని అడుగులు లెక్కపెడుతూ బయల్దేరాడు. హాలు దాటాడు, వంటింట్లో వదిన కాళ్ళ పక్కనుంచి వెళ్ళాడు, పెరటి గుమ్మం మీద పెట్టాడు.

"నా వంటింట్లోంచా మీ యుద్ధం?" అంది వదిన.

అతను నవ్వలేదు. గుమ్మంలోనే కూలబడ్డాడు. చెల్లెలు, వదిన చెరో పక్కా కూర్చున్నారు.

"నేను అక్కడ బల్ల మీదున్న వినే బండిలో ఉండేవాణ్ణి. నేను టకటకమని మీట కొడితే ఆ సంకేతం తీగ గుండా వచ్చి, ఇక్కడి యంత్రం గాల్లోకి పలికేది. శత్రువులు ఆ పలుకు ఎటునుంచి వస్తోందో పసిగట్టి ఫిరంగులు పేల్చేవాళ్ళు. దెబ్బ ఈ బండికే. అందుకే ఒక విడతకు రెండు నిమిషాలు మించకూడదని రూలు." గుమ్మం మీది అట్ట ట్రక్కును చేతిలోకి తీసుకున్నాడు. "ఒకరోజు ఏడు నిమిషాలు కొట్టాను. దెబ్బలు తగిలి మనవాళ్ళు పదకొండు మంది ఎక్కడ పడున్నారో చెప్పాలి. అవతల వింటున్న మనవాళ్ళకు సరిగా అందలేదు. కొడుతూనే ఉన్నాను. ఆ పదకొండు మందీ బతికారు. ఈ బండిలో ఉన్న నా స్నేహితుడి కాలు పోయింది."

"ఇప్పుడెక్కడున్నాడు?" అంది చెల్లెలు.

"స్టేషను రోడ్డులో సైకిలు కొట్టు."

వదిన నోరు తెరిచింది. "దానికోసమా ముప్పై ఏళ్ళుగా స్టేషను రోడ్డు తొక్కనివ్వకుండా నన్ను మార్కెట్టు మీదుగా చుట్టూ తిప్పుతున్నారు? నా మోకాళ్ళరగ్గొట్టారు కదండీ!" అంటూనే కళ్ళొత్తుకుంది.

పళ్ళక్కయ్యకు ఏడుపూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి. కానీ అడగాల్సింది అడిగింది. "ఈ బండి లోపల ఏ సామాను ఎక్కడుండేదో చెప్పు, చేస్తాను."

"నాకేం తెలుసు? నేనున్నది ఇందులో కాదు. వాడికే తెలియాలి."

"అయితే ఆయన్నే అడుగుదాం పద."

అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళనన్నాడు. ఉన్న మొహమే పెట్టుకుని వెళ్ళమని వదిన చెప్పులు తెచ్చి ముందు పడేసింది.

సైకిలు కొట్టతను చక్రం బిగిస్తున్నాడు. కొయ్యకాలు చాపుకుని కూర్చున్నాడు. వచ్చినవాణ్ణి చూశాడు, చేతిలో అట్ట ట్రక్కు చూశాడు. ముందు ట్రక్కు లాక్కుని అటూ ఇటూ తిప్పాడు.

"బండికి తలుపు వెనకవైపు ఉండాలి. పక్కన పెట్టిందెవరు?"

"మా చెల్లెలు," అన్నాడు అన్నయ్య. తర్వాత ఆగలేకపోయాడు. "ఆరోజు ఏడు నిమిషాలు కొట్టాన్రా. నీ కాలు నా మూలానే పోయింది."

అతను చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. "ఏడు నిమిషాలని నాకు తెలియదట్రా? నువ్వు కొట్టినంతసేపూ నా ముందు ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. మోచేతి పక్కనే స్విచ్చి. దించితే యంత్రం ఆగిపోయి నీ కొట్టుడు బయటికి పోయేదే కాదు."

"మరి దించలేదేం?"

"నువ్వు రూలు తప్పే మనిషివి కాదు. తప్పావంటే అవతల ఎవడి ప్రాణమో పోతోందన్నమాట. నేనే దించలేదు."

అన్నయ్య పక్కనున్న సైకిలు సీటు పట్టుకుని నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళుగా తానొక్కడే చేశాననుకున్న పని ఇద్దరూ కలిసి చేసినదని అర్థమవడానికి అతనికి చాలాసేపు పట్టింది.