బెర్నడెట్ వేసిన తాళం

బెర్నడెట్ చార్ట్రాండ్‌కు కోపం ముక్కు మీదే ఉంటుందని కెనడాలోని వినిపెగ్‌లో కేబుల్ పని చేసేవాళ్ళందరికీ తెలుసు. ఆవిడ కూడా ఏనాడూ దాన్ని దాచుకోలేదు. "వచ్చిన కోపం వచ్చినట్టు బయటపెడితే కడుపులో పుండు పడదు" అనేది. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి. మోకాళ్ళు మొరాయిస్తున్నా నిచ్చెన ఎక్కి, సీలింగ్ పలక పక్కకు జరిపి, తల లోపలికి దూర్చి, తన కింద పనిచేసే ఇద్దరినీ అక్కణ్ణుంచే తిట్టేది.

పుట్టింది మానిటోబా సరస్సు ఒడ్డున, మెటీ అనే స్థానిక జాతి జాలర్ల ఇంట్లో. చలికాలం సరస్సు గడ్డకట్టాక ఆమె తండ్రి మంచుకు ఒక కన్నం పెట్టి, మంచు అడుగున పాకే చెక్కకు తాడు కట్టి వదిలేవాడు. చెక్క ఎందాకా వెళ్ళిందో పైన నడుస్తూ చప్పుడును బట్టి పసిగట్టడం బెర్నడెట్ పని. అక్కడ ఇంకో కన్నం పెట్టి తాడు అందుకుని, దాని వెంట వల లాగేవాళ్ళు. పట్నం వచ్చి ఆఫీసులు ఊడ్చే రోజుల్లో ఒకసారి నలుగురు మగాళ్ళు సీలింగ్‌లో ఇరుక్కున్న కేబుల్‌ను బూతులు తిడుతూ లాగడం చూసి ఫక్కున నవ్వింది.

"ఏం, నువ్వు లాగుతావా?" అన్నాడొకడు.

చీపురు గోడకు ఆనించి లాగింది. రాలేదు. వాళ్ళు పడీ పడీ నవ్వారు. "అయితే నేర్పండి" అంది. నేర్పకుండా వాళ్ళకు తప్పలేదు, ఎందుకంటే మర్నాడూ వచ్చి అదే మాట అంది, ఆ మర్నాడూ అంది.

ఇప్పుడామె చేతి కిందున్న పని నార్త్ ఎండ్ అనే పేటలోని ఒక పాత అపార్ట్‌మెంట్ మేడ. అద్దెకుండేది చాలావరకు ముసలివాళ్ళే. కొత్తగా కొన్న యజమానులు దాన్ని స్మార్ట్ బిల్డింగ్ చేస్తామన్నారు. వేసవి నుంచి బెర్నడెట్, ఓరెస్ట్, రోడెల్ కలిసి అంతస్తు అంతస్తుకూ నీలం కేబుళ్ళు లాగారు. ప్రతి ఇంట్లో గోడ మీద మనిషి కదలికను కనిపెట్టే తెల్లపెట్టె ఒకటి బిగించారు. కదలిక ఉంటే ఇంట్లో మనిషి ఉన్నట్టు. లేకపోతే మనిషి లేనట్టు, వేడి తగ్గించెయ్యొచ్చు. గోడ మీదుండే పాత మరలు, వేడి పెంచడానికీ తగ్గించడానికీ చేత్తో తిప్పుకునేవి, పీకి పారేశారు. వాటిని పీకింది బెర్నడెట్ మనుషులే. అప్పుడు ఎండాకాలం. ఎవరికీ ఏమీ తట్టలేదు.

జనవరి వచ్చింది. పెట్టెలన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసుకుంటూ ఆమె పదకొండో అంతస్తులో థోరా అమ్మ తలుపు తట్టింది. థోరాది ఐస్‌లాండ్ నుంచి వచ్చిన కుటుంబం. వాళ్ళ భాషలో అమ్మ అంటే నాయనమ్మ. మేడలో అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. అమ్మ కోటు, టోపీ, చేతులకు ఊలు తొడుగులు వేసుకుని తలుపు తీసింది.

"ఎక్కడికైనా బయల్దేరారా అమ్మా?"

"ఎక్కడికీ లేదే పిల్లా. ఇంట్లోనే ఉన్నాను. ఆ సంగతి మీ పెట్టెకు తెలియడం లేదంతే."

థోరా అమ్మకు రేడియోలో హాకీ వినడం అలవాటు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, ఆట అయ్యేదాకా వేలు కూడా కదపదు. ఆ పెట్టె లెక్కలో అమ్మ ఇంట్లో లేదు. బెర్నడెట్ హీటరు మీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగా రాయిలా ఉంది. కిటికీ అద్దానికి లోపలివైపే మంచు పేరుకుంది.

"కింద నోటీసు అంటించారుగా, అప్పుడప్పుడు చెయ్యి ఊపండని. మీరు ఊపలేదా?"

"ఊపుతారే అందరూ. పక్కింటావిడ కూర్చున్నచోటే రాణీగారిలా ఊపుతూ ఉంటుంది. తొమ్మిదో అంతస్తు ఆయన మేనకోడలి కుక్కను తెచ్చిపెట్టుకున్నాడు, అది తిరుగుతుంటే ఇల్లు వెచ్చగా ఉంటుందట. నేను మాత్రం ఊపను. ఎనభై ఆరేళ్ళదాన్ని. బతికున్నానని గోడకు రుజువు చూపించాలా?"

బెర్నడెట్‌కు ఆ మాట చురుక్కుమని తగిలింది. ఆ గోడలో కేబుల్ తను లాగిందే.

అదే ఊపులో కిందికి దిగి, మేడ మేనేజరు డ్వేన్ ప్రిచర్డ్‌ను నడవలోనే నిలేసింది. డ్వేన్ చెడ్డవాడేం కాదు. యజమానులు ఊరు కాని ఊళ్ళో ఉంటారు, వాళ్ళ మాట మోసుకొచ్చి ఇక్కడ దించడమే అతని పని.

"ఇంటింటికీ చేత్తో తిప్పుకునే మర ఒకటి పెట్టించు డ్వేన్. పెట్టె ఏమనుకున్నా ఆ మర చెప్పిందే చెల్లాలి."

"అలాగైతే ఇంత వైరింగ్ ఎందుకమ్మా? తలా ఒకలా తిప్పుకుంటే పొదుపేముంది?"

"ఆవిడ ఇంట్లో కోటు వేసుకుని కూర్చుంది."

"చెయ్యి ఊపమని చెప్పు."

"నిద్రలో కూడానా?"

డ్వేన్ నిట్టూర్చాడు. "నీ పని కేబుల్ లాగడం బెర్నడెట్. లాగావు, బాగా లాగావు. పని పూర్తయిందని సంతకం పెట్టేసి వెళ్ళు."

ఆమె సంతకం పెట్టలేదు. నేలమాళిగలో వైరింగ్ గదికి వెళ్ళింది. హీటర్లకు వేడినీళ్ళు వదిలే వాల్వులన్నిటికీ కరెంటు ఒక్క స్విచ్ నుంచే వెళుతుంది. కరెంటు పోతే అవి మూసుకోకుండా వాటంతటవే తెరుచుకునే రకం. వినిపెగ్ చలిలో వేరే రకం పెడితే నీళ్ళు గడ్డకట్టి పైపులు పగిలి మేడంతా చెరువవుతుంది. ఆమె స్విచ్ ఆపి, తన తాళం వేసింది.

ఈ పనిలో అందరూ పాటించే కట్టుబాటు ఒకటుంది. కరెంటు ఆపి పనిచేసే మనిషి స్విచ్‌కు సొంత తాళం వేసి, పేరు రాసిన ఎర్ర చీటీ తగిలిస్తాడు. వేసినవాడు తప్ప ఇంకెవరూ ఆ తాళాన్ని ముట్టకూడదు, యజమానైనా సరే. ఆ తాళం అవతల ఒక ప్రాణం ఉంటుందని లెక్క. పలువురు పనిచేసేచోట బెజ్జాల ఇనుప కొక్కెం ఒకటి తగిలించి ఎవరి తాళం వాళ్ళు వేసుకుంటారు. ఆఖరి తాళం తీసేదాకా కరెంటు రాదు. ఆ స్విచ్‌కూ అలాంటి కొక్కెమే ఉంది. ఎప్పుడూ తన ప్రాణం కోసమే తాళం వేసుకున్న బెర్నడెట్ ఈసారి ఇంకొకరి ప్రాణం కోసం వేసింది. కాసేపట్లోనే పైపుల్లో నీళ్ళు గలగలమంటూ పరుగెత్తడం వినిపించింది. అప్పుడు మాత్రం ఆమెకు భయం వేసింది. పింఛనుకు ఇంకా రెండేళ్ళుంది.

భోజనాల వేళకు డ్వేన్ ఇనుము కోసే పెద్ద కత్తెర పట్టుకుని దిగాడు. బెర్నడెట్, ఓరెస్ట్, రోడెల్ అక్కడే బకెట్ల మీద కూర్చుని తింటున్నారు.

"ఓరెస్ట్, ఆ తాళం కోసెయ్."

"తింటున్నాను సార్."

"తిన్నాక కొయ్యి."

"తిన్నాక అరగాలి కదా సార్" అన్నాడు ఓరెస్ట్. లేచి, చేతులు తుడుచుకుని, జేబులోంచి తన తాళం తీసి కొక్కేనికి బెర్నడెట్ తాళం పక్కన తగిలించాడు. రోడెల్ బెర్నడెట్ వైపు చూశాడు.

"నీకు పిల్లలున్నారు, వద్దురా" అంది బెర్నడెట్.

"నాకూ ఒక అమ్మమ్మ ఉందక్కా" అన్నాడు. అతని తాళం కూడా పడింది.

"ముగ్గురి ఉద్యోగాలూ పోతాయి" అన్నాడు డ్వేన్.

"తాటాకు చప్పుళ్ళకు బెదిరేవాళ్ళం కాదులే. కత్తెర నీ చేతిలోనే ఉందిగా, నువ్వే కొయ్యి. చూస్తాం" అంది బెర్నడెట్.

డ్వేన్ వెనక గోడ మీదే ఉంది బోర్డు, ఇంకొకరి తాళం కోసినవాణ్ణి ఆ రోజే పంపించేస్తామని. దాని కింద ఉన్నది అతని సంతకమే. కత్తెర ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారింది తప్ప ముందుకు కదల్లేదు.

ఈలోగా లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. చక్రాల ఊతకర్ర తోసుకుంటూ థోరా అమ్మ వచ్చింది. పైపులు గలగలమంటుంటే ఏమైందని కుక్కను తెచ్చిపెట్టుకున్న ఆయన్ని అడిగి తెలుసుకుందట. కర్రకు తగిలించిన సంచీలోంచి తుప్పుపట్టిన తాళం తీసింది, సామాన్ల గదికి వేసుకునేది.

"నాక్కూడా ఒక బెజ్జం ఉంచారా?"

"అమ్మా, అది పనివాళ్ళకు" అన్నాడు డ్వేన్.

"నేను పనిదాన్ని కాదా నాయనా? మీ గోడకు పొద్దస్తమానం చెయ్యి ఊపడం పని కాదా? జీతం లేకపోతే పోయింది, తాళమైనా వేసుకోనీ."

రోడెల్ నోట్లో అన్నం పొలమారింది. అమ్మ తాళం బిగించి, తాళంచెవి కోటు జేబులో వేసుకుంది.

ఆ సాయంత్రమే బెర్నడెట్‌ను ఆ పని నుంచి తప్పించారు. ఆమె తాళం మాత్రం అక్కడే ఉంది. తాళంచెవి జేబులో వేసుకుని సరస్సు దగ్గర అన్న ఇంటికి వెళ్ళిపోయింది. కంపెనీ వాళ్ళు ఫోన్ చేశారు. మొదట కేకలేశారు. ఆ తర్వాత బతిమాలారు. మంచు మీద నిలబడి వల లాగుతూ ఆమె ప్రతిసారీ ఒకటే మాట చెప్పింది: "ఇంటింటికీ మర. చేత్తో తిప్పేది. అది బిగించాక పిలవండి, వస్తాను." అటుపక్క మేడలోనివాళ్ళు పాత మరలు తిరిగి బిగించాలంటూ గోల పెట్టారు. నాలుగు తాళాలున్న కొక్కేనికి ఎవరో తీసిన ఫోటో అప్పటికి ఊళ్ళో సగం మంది చూసేశారు.

మరలు వచ్చాయి. కొత్త మేస్త్రి వచ్చి పెట్టెల పక్కనే వాటిని బిగించాడు. బెర్నడెట్‌కు మేస్త్రి పదవి మళ్ళీ ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు. వచ్చి తన తాళం తీసింది. ఓరెస్ట్, రోడెల్ తీశారు. థోరా అమ్మ తీయలేదు.

"మర బిగించారు కదమ్మా, ఇంకేం కావాలి?" అన్నాడు డ్వేన్.

"చూడాలి" అంది అమ్మ.

కరెంటు రాకుండా ఏం చూస్తావని అతను అడిగితే, ఆలోచించి తాళం తీసింది గానీ, డ్వేన్‌ను అక్కడే నిలబెట్టింది. "ఇక్కణ్ణుంచి కదలకు. నా ఇల్లు చల్లబడిందా, వచ్చి మళ్ళీ వేస్తాను." బెర్నడెట్‌ను చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళింది. మర తిప్పి, రేడియో పెట్టి, కుర్చీలో వాలి కళ్ళు మూసుకుంది. బెర్నడెట్ ఎదుటి కుర్చీలో కూర్చుంది. ముక్కు దురద పెట్టినా గోక్కోలేదు. ఆట మొదలైంది, సగమైంది, అయిపోయింది. ఇద్దరూ కదల్లేదు. గోడ మీద పెట్టె ఇంట్లో ఎవరూ లేరని ఎర్రదీపం వెలిగించింది. హీటరు వేడిగానే ఉంది.

థోరా అమ్మ కళ్ళు తెరిచి ముందు ఆ ఎర్రదీపాన్ని, తర్వాత బెర్నడెట్‌ను చూసింది.

"వెళ్ళి అతనికి చెప్పు, ఇంటికి పొమ్మను" అంది. "నేను ఉన్నాను."