బస్సు నిండిన రోజు

మా ఊరికి బస్సు లేదు. ఊరంటే ఒకే వీధి, దానికో వంకర. బస్సెక్కాలంటే బండ్ల బాటలో మెయిన్ రోడ్డు క్రాసు దాకా నడవాలి. ఎన్నిసార్లు అడిగినా డిపోవాళ్లది ఒకటే మాట: మీ ఊళ్లో జనమే లేరు, బస్సు ఎవరి కోసం?

ఆ మాట మా నాయనకు గుచ్చుకుంది. తొంభైల చివర్లో తిరిగి తిరిగి, ఒకరోజు బస్సు పంపి చూస్తామని డిపోవాళ్లను ఒప్పించాడు. డిపో అధికారి కూడా అందులోనే వస్తాడు. బస్సు నిండితే మంజూరు, లేకపోతే లేదు.

నాయన ఊరుకుంటాడా! మాకంటే ముందు బస్సు తగిలే పక్క ఊరికి పోయి, చుట్టాలను, వాళ్ల చుట్టాలను పెళ్లికి పిలిచినట్టు పిలిచి వచ్చాడు. అధికారి మనసు కరగాలని ఇంకో ఎత్తు కూడా వేశాడు. మా ఊళ్లో బస్సు ఆగాల్సిన చోట ఒక ముసలాయన మంచం మీద పడుకుని రోగిలా మూలగాలి. "మంచం చూసి ఎవరూ నవ్వగూడదు, నాటకం చెడిపోతాది" అని రెండు ఊళ్లలోనూ చెప్పాడు. చెప్పేటప్పుడే అందరూ నవ్వారు.

ఆ పొద్దున, బస్సొచ్చేలోగా నాలుగు శెనక్కాయ చెట్లు పెరికి వస్తానని నాయన చేనికి పోయాడు. ఆ మనిషికి ఊరికే కూర్చోవడం చేతకాదు. చెట్ల మొదట్లో రక్తపింజరి ఉంది, పాదం మీద కాటేసింది.

మోసుకొచ్చి, ముసలాయన్ని లేపి, అదే మంచం మీద పడుకోబెట్టారు. కాలు అప్పటికే వాచింది. బస్సొచ్చే వేళ కావడం మా అదృష్టమనుకున్నాం.

బస్సొచ్చింది. లోపల ఊపిరాడని జనం, టాపు మీద జనం. అంతా నాయన పిలిచినవాళ్లే. అమ్మ అడ్డం పోతే డ్రైవరు బ్రేకు వేశాడు.

"పాము కరిసిందప్పా, ఎక్కించుకోండి!" అని అమ్మ అరిచింది.

ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న పక్క ఊరి చుట్టం ఒకడు పగలబడి నవ్వాడు. "మంచం వచ్చె! బలే చేస్తాండావక్కా. పోనీ అన్నా, పోనీ, అదంతా నాటకం!"

బస్సంతా నవ్వింది. ముందు సీట్లో అధికారి కూడా నవ్వాడు. బస్సు కదిలింది. మేం వెంటపడి అరిచాం. మా అరుపులు కూడా నాటకమే అనుకున్నారు.

ఎద్దులబండిలో క్రాసు చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. ఆసుపత్రిలో ప్రాణం దక్కింది, కాలు మోకాలి దాకా తీసేశారు. నవ్విన చుట్టం ఆసుపత్రికి చీనీకాయలు తెచ్చాడు. అమ్మ వాటిని వాడి కళ్లెదుటే మురిక్కాలవలో పారేసింది. అమ్మ చేసిన పనులన్నిట్లో నాకు ఇప్పటికీ నచ్చింది అదే.

బస్సు మంజూరైంది. నిండింది కదా మరి.

ఆ తర్వాత వానలు ఎగ్గొట్టాయి. ఊరు మూటలు కట్టుకుని ఆ బస్సులోనే కదిరికి, అక్కడినుంచి బెంగళూరుకు పోయింది. నాయన కాలి పుండు మానేది కాదు. కట్టు మార్పించుకోవడానికి ఆయనకు ఆ బస్సే దిక్కు. కండక్టరు చంకల కింద చేతులు వేసి ఎక్కించేవాడు.

కొన్నేళ్లకు అదే అధికారి జీపులో వచ్చాడు. బస్సు ఖాళీగా తిరుగుతోంది, ఆపేస్తాం అన్నాడు. స్టాపు దగ్గర అమ్మా నేనూ నిలబడి ఉన్నాం. నాయన బండ మీద కూర్చున్నాడు, పంచె నేలదాకా జారి ఉంది, పక్కన చంకకర్రలు.

"ఇది ఆపితే నేను ఆసుపత్రికి యట్ల పోవల్ల సార్?"

అధికారి కర్రల వైపు చూసి నవ్వాడు. "అప్పుడు మంచం, ఇప్పుడు కర్రలా? మళ్లా మొదలుపెట్టినారా?"

నాయన పంచె పైకెత్తాడు.

అధికారి నవ్వు ఆగింది. "నిజమే, పాపం. అయినా ఒక్క మనిషికి బస్సు యట్ల తిప్పేదప్పా?"

నాయన పంచె దించుకున్నాడు.

"ఒక్క దినం టైమియ్యండి సార్," అన్నాడు. "పక్క ఊర్లో మా చుట్టాలుండారు. పిలుసుకొస్తా."