ఇంజన్‌కు చేరని గొట్టం

మూరెడు రబ్బరు గొట్టంతో ఒక విమానాన్ని, ఒక సంసారాన్ని ఒకేసారి ఎలా ముంచవచ్చో తెలియనివారు నన్ను అడగండి. ఆ విద్యలో నాకు పోటీ లేదు.

నాచారంలో ఓ రేకుల షెడ్డు. అందులో యాదగిరన్న, రిటైరైన మెకానిక్, ఆరేళ్లుగా సొంతంగా కడుతున్న రెండు సీట్ల విమానం. ఉప్పల్ నుంచి ప్రతి ఆదివారం వెళ్లే ఉచిత సహాయకుణ్ణి నేను. అన్న భార్య సుజాత వదిన ఆ పొద్దున తేల్చి చెప్పేసింది.

"ఇయ్యాల ఇంజన్ సక్కగ తిరగకుంటే దీన్ని తుక్కుకు ఎయ్యాలె. మాట ఇయ్యి."

అన్న ఇచ్చేశాడు.

ఇక నా పని. ఇంజన్ ఎంత బలంగా గాలి పీలుస్తోందో సన్నని గొట్టం ద్వారా తెలుసుకుని, నిప్పురవ్వ ఏ క్షణాన వేయాలో తేల్చే ఎలక్ట్రానిక్ డబ్బాలు రెండున్నాయి. ఇంజన్ దగ్గర మొదలైన గొట్టం చీలి రెంటికీ చేరాలి. ఎవరైనా బిగిస్తారు. కానీ షెడ్డు రేకుకు ఓ చిల్లు ఉంది, అందులోంచి నీలాకాశం కనిపిస్తోంది!

చేతులు బిగిస్తున్నాయి, నేను మాత్రం రెండో సీట్లో ఉన్నాను. కింద లాలాపేట్ ఫ్లైఓవర్ నిద్రలో ఒత్తిగిలినట్టుంది. మా నీడ డాబాల మీద ఆరేసిన చీరలను తాకుతూ ఘట్‌కేసర్ వైపు జారిపోతోంది. ఎంత హాయి! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పైలట్ అన్నట్టు.

"అయిపాయెనా?" అన్న అడిగాడు.

"మస్తుగ అయిందన్నా," అన్నాను మేఘంలోంచి.

విమానాన్ని తాళ్లతో కట్టి స్టార్ట్ చేశాం. ఇంజన్ దగ్గింది, వెక్కింది, ఆగింది. మళ్లీ అంతే.

"పెట్రోల్ల నీళ్లున్నయేమో అన్నా."

"నిన్ననే వడగట్టిన."

"ప్లగ్గులు?"

"కొత్తయి రా!"

బిగించలేక పెట్రోలు పాడు అన్నమాట. అన్న చేతి గ్లవ్స్ విప్పేస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

అంతదాకా పక్కన నిలబడి చూస్తున్న వదిన వంగి ఇంజన్‌లోకి చూసింది. గొట్టం మీద వేలు పెట్టింది.

"గీ పైపు ఏడికెల్లి వస్తది?"

"ఈ డబ్బా కాడికెల్లి."

"ఏడికి పోతది?"

"ఆ డబ్బాకు."

"మరి ఇంజన్‌కు?"

నేనూ వంగి చూశాను. రెండు డబ్బాలనూ ఒకదానికొకటి ముచ్చటగా కలిపేశాను. వియ్యంకులిద్దరూ కబుర్లాడుకుంటున్నారు, పెళ్లికొడుకును పిలవనేలేదు. ఇంజన్ వైపు బోడి రంధ్రం ఊరి గాలంతా పీల్చేసింది.

సరిచేశాక ఇంజన్ ఆగకుండా తిరిగింది. ఆ గాలికి వదిన కొంగు ఎగిరింది. అన్న కళ్లు తుడుచుకున్నాడు, నేనూ.

"నువ్వు చెప్పకుంటే నీ మాటే నెగ్గుతుండె కద వదినా?"

"నాకు దెల్వదా? ఆయన గ్లవ్స్ ఇప్పుతుంటె సూడలేకపోయిన." తర్వాత చీర సర్దుకుంది. "గని రెండో సీట్ల నేనే కూసుంట. నువ్వు కింద నిలవడు."

కాబట్టి పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: గొట్టం రెండు కొనలూ ఎక్కడ చేరాయో కళ్లారా చూడనిదే మేఘాల్లోకి వెళ్లను. వదిన సీటు ఖాళీ చేసేదాకా ఎలాగూ వెళ్లలేననుకోండి.