ముప్ఫై ఒకటో గడి

ఆమెను అందరూ ల్యాబమ్మ అనేవారు. రక్తపరీక్షల సెంటర్లో ఉద్యోగం. రోజూ అయిదింటికల్లా సంచీ భుజాన వేసుకుని, షుగరున్న ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, పరగడుపున రక్తం తీసుకుని, ఏడింటికి సెంటరు చేరాలి. "నొప్పి తెలీకుండా తీసే ల్యాబమ్మ వచ్చిందా?" అని ఒక తాతగారు రోజూ అడిగే మాటే పేరై కూర్చుంది. సూది పట్టినప్పుడు ఆమె చెయ్యి ఎంత నిలకడో, మిగతా వేళల్లో మనసు అంత కంగారు. ఇంట్లో మూడేళ్ళ బుజ్జి ఉంది. బుజ్జికి ఆయాసం. దగ్గు కూడా గడియారం చూసుకుని వచ్చినట్టు, తల్లి గడప దాటే వేళకే మొదలవుతుంది.

భర్త లిఫ్టుల మెకానిక్. పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ముక్కుకి మందు ఆవిరి మాస్కు పట్టుకుంటాడు. ఆ పని బాగానే చేస్తాడు గానీ, "అమ్మేదీ?" అంటే మాత్రం ఏం చెప్పాలో తెలీదు. పైగా ఏ భవనంలోనో ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నారని ఫోనొస్తే, పిల్లను పక్కింటి పిన్నిగారికి అప్పజెప్పి పరిగెత్తాలి.

"ఊళ్ళో ఇరుక్కున్నవాళ్ళందర్నీ బయటికి లాగుతావు, నన్ను లాగే దారి మాత్రం చూడవు," అంది ఒకరోజు ఆమె, చెప్పులేసుకుంటూ.

"నువ్వు బటన్ నొక్కితే కదా నాకు ఫోనొచ్చేది," అన్నాడు.

నవ్వొచ్చింది గానీ, మెట్లు దిగుతుంటే పైనుంచి పిల్ల దగ్గు వినిపిస్తూనే ఉంది. ఆమెకి కావలసింది పెద్దదేమీ కాదు. ఆ అయిదింటి రౌండు మానెయ్యాలి. పిల్ల కళ్ళు తెరిచేసరికి పక్కన ఉండాలి. అయితే ఆ రౌండు మీద వచ్చే డబ్బు మరోచోటు నుంచి రావాలి.

దారి చూపించింది సెంటర్లో రిసెప్షన్‌లో కూర్చునే అక్క.

"కొట్టుకెళ్ళి మామూలు మనిషిలా ఏదో ఒకటి కొనాలి. నిన్నెలా పలకరించారు, ఎంతసేపు నిలబెట్టారు, అన్నీ రాసి పంపాలి. కొన్నదానికి బిల్లు డబ్బులు, పైన కూలి."

"కొనుక్కున్నందుకు కూలిచ్చే వెర్రివాళ్ళెవరక్కా?"

"కొట్టు యజమానే. తను లేనప్పుడు తన మనుషులు ఎలా ఉంటారో ఆయనకి తెలియద్దూ? మధ్యలో ఒక కంపెనీ ఉంటుంది. చేరడానికి ముందే డబ్బులడిగితే వాడు దొంగ, తలుపేసెయ్. వీళ్ళడగలేదు, నేను ఆర్నెల్ల నుంచీ చేస్తున్నా."

ఇంటికొచ్చి ఫోనులో పేరు నమోదు చేసుకుంది. ఇరవై ప్రశ్నల పరీక్ష పెట్టారు. నేను పరిశీలనకి వచ్చానని చెప్పవచ్చా? చెప్పకూడదు. అక్కడ పనిచేసేవాళ్ళతో తర్వాత మాట్లాడవచ్చా? మాట్లాడకూడదు. గుర్తున్నంత రాయాలా, చూసింది రాయాలా? చూసిందే రాయాలి. ఆఖరి ప్రశ్న చదివి ఆమెకి ప్రాణం లేచొచ్చింది. తొమ్మిదేళ్ళుగా తను చేస్తున్నది అదే కదా! రీడింగు ఎంతొస్తే అంత రాయడం. ఇరవైకి ఇరవై వచ్చాయి.

మొదటి పని ఒక కాఫీ కొట్టు. కప్పు చేతికొచ్చేదాకా సెకన్లు లెక్కపెట్టింది. బాత్రూములో సబ్బుందో లేదో చూసింది. బల్ల కింద చెయ్యి పెట్టి మరీ తడుముతుంటే, కాఫీ తెచ్చినతను "ఏమైనా పారేసుకున్నారా మేడమ్?" అని తనూ వంగి వెతకడం మొదలుపెట్టాడు. "ఉంగరం," అనేసింది. అసలు ఆమెకి ఉంగరమే లేదు. ఇంకో ఇద్దరు వచ్చి వెతికారు. ఇంటికొచ్చి చెబితే భర్త పడీ పడీ నవ్వాడు. మర్నాడు టీ ఇస్తూ, "దీనికీ మార్కులేస్తావా?" అన్నాడు.

"నవ్వుతూ పలకరించలేదు. సున్నా."

"యజమానికి పంపకమ్మా, ఉద్యోగం పోతుంది."

ఆ పూట అది ఒట్టి సరదా మాటే.

నాలుగోసారి వచ్చింది చెప్పుల కొట్టు. పిల్లల విభాగం. పిల్లను వెంట తీసుకెళ్ళవచ్చు, తీసుకెళ్ళాలి కూడా. ఒక జత కొనాలి, నలభై రెండు ప్రశ్నలకి జవాబులివ్వాలి. పనివాళ్ళ చొక్కా మీద పేరుండదు, నంబరుంటుంది, అది రాయాలి. బుజ్జికి ఎలాగూ బూట్లు చిన్నవైపోయాయి. ఒక దెబ్బకి రెండు పిట్టలనుకుంది.

ఆ విభాగంలో ఉన్నది పదిహేడో నంబరు పిల్ల. పాతికేళ్ళుంటాయేమో. మోకాళ్ళ మీద కూర్చుని బుజ్జి పాదాన్ని అరచేతిలోకి తీసుకుంది. బుజ్జి చెయ్యి మాత్రం పై అరలో ఉన్న బూట్ల వైపే చాచి ఉంది. నడిస్తే మడమలో లైట్లు వెలుగుతాయి. పదిహేడు అవి తెచ్చి తొడిగింది, నాలుగడుగులు నడిపించింది, విప్పింది. పాదం మీద ఎర్రటి గీత.

"వద్దు మేడమ్ ఇవి. అడుగు చెక్కలా ఉంటుంది. పాప పాదం చదునుగా ఉంది, వారంలో మడమ మీద పొక్కొస్తుంది. లైట్లు చూసి కొంటారు, తర్వాత మూలన పడేస్తారు. ఆ కింద మెత్తవి చూడండి, ధర సగమే."

బుజ్జి ఏడుపు లంకించుకుంది. పదిహేడు జేబులోంచి కొలత టేపు తీసి, "నీ ముక్కు ఎంత పొడుగుందో చూద్దామా?" అంది. ఏడుపు ఠక్కున ఆగింది. మెత్తని జతతో ఇంటికొచ్చారు. బుజ్జి వాటిని విప్పనియ్యలేదు, మంచం మీదికి కూడా వాటితోనే ఎక్కింది.

ఆ మధ్యాహ్నం రిపోర్టు నింపుతూ ఆమె ముప్ఫై ఒకటో గడి దగ్గర ఆగిపోయింది. 'ఎక్కువ ధర రకాన్ని కొనమని ప్రోత్సహించారా?' అవును, లేదు. అంతే, మూడో గడి లేదు. ఖరీదైనవి అమ్మించడమే కొట్టుకి కావాలి, లేదని పెడితే ఆ పిల్లకి దెబ్బ. చాలాసేపు ఫోను చేతిలో పట్టుకుని కూర్చుని, చివరికి 'అవును' మీద నొక్కింది. తొమ్మిదేళ్ళలో ఆమె రాసిన మొదటి తప్పుడు రీడింగు అది.

కింద రిమార్కుల ఖాళీ ఉంది. ల్యాబులో పెరిగిన చెయ్యి ఖాళీని చూసి ఊరుకోదు. అంకె వేసి వదిలేస్తే డాక్టరుకి సగమే తెలుస్తుందని, కింద ఎప్పుడూ ఒక వాక్యం రాయడం అలవాటు. దానికి తోడు అబద్ధపు టిక్కు పెట్టిన బాధ. ఆ పిల్లకి మేలు చేద్దామని మనసు విప్పి రాసింది: 'పాప కాలు చూసి, ఖరీదైనవి వద్దని, సరిపడే జత ఇప్పించింది. ఇలాంటి మనిషి ఉండడం ఆ కొట్టు అదృష్టం.' పంపేసింది. రెండు ముక్కలూ ఒకదాని పీక ఒకటి పట్టుకున్నాయని తోచనే లేదు.

మర్నాడు పన్నెండింటికి సెంటరు మెట్ల మీద ఉండగా ఫోను. కంపెనీలో రిపోర్టులు చదివే ఎడిటరు.

"మేడమ్, ముప్ఫై ఒకటికి అవునన్నారు. కింద వద్దందని రాశారు. ఏది నిజం?"

"ముందు చూపించిందండీ, తర్వాత..."

"తర్వాత వద్దంటే అది 'లేదు' కిందకే వస్తుంది మేడమ్. టిక్కు పొరపాటున పడిందంటే మార్చేస్తాను, రిపోర్టు పాసవుతుంది. మీ మార్కులు బాగున్నాయి, వచ్చే వారం నుంచి పెద్ద పనులిద్దామనుకుంటున్నాం. నెలకి పదిహేను వేల దాకా వస్తాయి."

పదిహేను. అంటే అయిదింటి రౌండు ఇక అక్కర్లేదు.

"టిక్కే నిజం, రిమార్కే తప్పు అంటే?"

"లేనిది కల్పించి రాశారన్నమాట. మీ ఐడీ మూసేస్తాం. బిల్లూ రాదు."

"ఏదీ చెప్పకపోతే?"

"కల్పించారనే అనుకుంటాం. నాలుగింటికి మళ్ళీ చేస్తాను మేడమ్."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఆ మెట్ల మీదే కాసేపు కూర్చుంది. భర్తకి ఫోన్ చేసింది. అతను ఏదో లిఫ్టు షాఫ్టులో ఉన్నాడు, మాట గుయ్యిమంటూ వినిపిస్తోంది.

"జరిగింది చెప్పు, అంతే. నువ్వేం ఆ పిల్ల మీద చాడీ చెప్పడం లేదుగా," అన్నాడు. ఫోను పెట్టెయ్యబోతూ, "పదిహేనా?" అని అడిగాడు. ఆ అడగడంలో ఆశ ఉంది.

మూడింటికి, పగటిపూట బుజ్జి ఉండే క్రెష్ నుంచి పిల్లను తీసుకుని బస్సెక్కింది. చెప్పుల కొట్టు ముందు దిగింది. ఎందుకు దిగిందో ఆమెకే సరిగ్గా తెలీదు. ఒక్కసారి చూసి వెళ్ళిపోదామనుకుంది. కానీ బుజ్జి "ముక్కు అక్క!" అని పరిగెత్తింది.

ఆ వేళ కొట్టు ఖాళీగా ఉంది. పదిహేడు బూట్ల పెట్టెలు పేరుస్తోంది. ల్యాబమ్మ దగ్గరికెళ్ళి, గొంతు తగ్గించి, రూలు గీలు మర్చిపోయి మొత్తం చెప్పేసింది. "నేను మామూలుగా కొనడానికి రాలేదమ్మా. పరీక్షించడానికి వచ్చాను."

పదిహేడు పెట్టె పెట్టడం ఆపలేదు. "తెలుసక్కా."

"తెలుసా?"

"బూట్లు కొనేవాళ్ళు బూట్లు చూస్తారు. మీరు మూడుసార్లు నా నంబరు చూశారు. నేను రాగానే ఫోన్లో గడియారం ఆపారు. ఇక్కడ అందరికీ తెలుసు. మీరు గుమ్మంలోనే ఫోను నొక్కడం చూసి మా వెనకాల కౌంటర్లో అతను దగ్గాడు, అదే మాకు గుర్తు."

"తెలిసీ వద్దన్నావా? నీకా గడి ఉందని తెలీదా?"

"ముప్ఫై ఒకటా? నాకు నిద్దట్లో కూడా వస్తుంది." నవ్వబోయి మానేసింది. "మీరు నిజంగా కొనేవారు కాదని తెలుసక్కా. పాప కాలు నిజమైనదే కదా. ఆ గీత చూశాక నోరు రాలేదు."

బుజ్జి అద్దం ముందు కూర్చుని తన ముక్కు చూసుకుంటోంది.

"ఇంతకుముందు రెండుసార్లు పోయింది నాకా గడి," అంది పదిహేడు. "మూడోది పోతే పంపేస్తారు. ఇంట్లో తమ్ముళ్ళ చదువులూ గిదువులూ అని మీకు కథ చెప్పను. పోతే పోయింది, ఏం చెప్పాలో అది చెప్పండి."

అలా అంటూ పేర్చిన పెట్టెల్ని మళ్ళీ తీసి, మళ్ళీ పేర్చింది.

ఫోను మోగింది. నాలుగు. ల్యాబమ్మ అక్కడే, పెట్టెల మధ్య నిలబడి ఎత్తింది. ఎడిటరు గొంతు మర్యాదగానే ఉంది. ఏది దిద్దమంటారు?

కళ్ళ ముందు అయిదింటి చీకటి, మెట్లు, పైనుంచి దగ్గు. రేపూ అదే, ఎల్లుండీ అదే.

"టిక్కు సరిగ్గానే ఉందండీ. ఆ అమ్మాయి ఖరీదైనవే కొనమంది. కింద రాసింది నేను కల్పించాను."

"ఎందుకు మేడమ్?"

"కింద ఖాళీ వదిలేస్తే బాగోదనుకున్నాను. నింపడానికి రాశాను."

అవతల కీబోర్డు టకటకలాడింది. "సారీ మేడమ్. మీ ఐడీ ఇవ్వాళ్టితో ఆగిపోతుంది. ఈ కొట్టుకి వచ్చే వారం వేరేవాళ్ళని పంపిస్తాం."

"ఎందుకండీ? టిక్కుందిగా?"

"కల్పించిన రిపోర్టు చెల్లదు కదా మేడమ్. మళ్ళీ కొత్తగా చేయించాల్సిందే."

పెట్టేశాడు. తను పోగొట్టుకున్నది పోగా, ఆ పిల్లకి కొని పెట్టింది ఏడు రోజులు. ఆ మాటే చెప్పింది. పదిహేడు చేతిలో పెట్టె కింద పెట్టి, "ఏడు రోజులంటే తక్కువేం కాదక్కా," అంది. ఆమె చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలేసింది.

అంతలో గాజు తలుపు తోసుకుని ఒకావిడ వచ్చింది, చంకలో రెండేళ్ళ పిల్లాడితో. చేతిలో ఫోనుంది. పరీక్షకి వచ్చిందో, నిజంగా కొనడానికే వచ్చిందో! వెనకాల ఎవరూ దగ్గలేదు. ఎవరో ఒకరు దగ్గుతారేమోనని ల్యాబమ్మ కూడా చెవులు రిక్కించింది.

పదిహేడు లేచి చొక్కా సర్దుకుంది. ఎక్కడి నుంచో నవ్వు తెచ్చి మొహానికి తగిలించుకుంది. పై అరలోంచి లైట్ల బూట్లు తీసింది. పిల్లాడి పాదాన్ని ఈసారి అరచేతిలోకి తీసుకోలేదు, నేరుగా బూటు తొడిగి పట్టీ బిగించింది.

"ఇవే తీసుకోండి మేడమ్. మా దగ్గర అన్నిటికంటే మంచి రకం. వీటికి సరిపడే మేజోళ్ళు కూడా చూపించనా?"

పిల్లాడు నడిచాడు. లైట్లు వెలిగాయి. తల్లి మురిసిపోయింది. మూడో అడుక్కి వాడి మొహం కొంచెం చిట్లింది. అది చూసింది ల్యాబమ్మ, చూసింది పదిహేడు కూడా. ఇద్దరూ నోరు విప్పలేదు.

"ముక్కు అక్క వాడికి ముక్కు కొలవలేదేం?" అంది బుజ్జి.

"పద, బస్సొస్తుంది," అని ల్యాబమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.